వదిన సీడీ4 తగ్గకపోవడానికి పుట్టుకతో వచ్చిన బలమే కారణమా?

విశాఖపట్నం నుంచి ఒకరు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. రెండేళ్ల కిందట వారి అన్నయ్యను టీబీతో ఆసుపత్రిలో చేర్చినప్పుడు హెచ్‌ఐవీ బయటపడింది. అప్పటి సీడీ4 సంఖ్య (హెచ్‌ఐవీ దెబ్బతీసే రక్షణ కణాల లెక్క, ఇది తగ్గేకొద్దీ ప్రమాదం) 90. అదే వారంలో వదినకు పరీక్ష చేస్తే ఆమెకూ పాజిటివ్ అని వచ్చింది, కానీ సీడీ4 మాత్రం 640. ఆవిడకు వైరస్ భర్త నుంచే సోకిందని అనుకుంటున్నారు. పైగా వాళ్లది మేనరికం. ‘ఒకే రక్తం, ఒకే వైరస్ కదా, మరి ఇంత తేడా ఎందుకు? వదినకు పుట్టుకతో వచ్చిన రక్షణ ఉండవచ్చని ఒక ల్యాబ్ వాళ్లు చెప్పి, జన్యు పరీక్షల ప్యాకేజీ చేయించుకోమంటున్నారు. అది నిజమైతే మాత్రలు మానేస్తానని వదిన అంటున్నారు. పరీక్ష చేయించాలా? ఆ బలం పిల్లలకు కూడా వస్తుందా?’

మాత్రలు మానవద్దని ముందు ఆమెకు చెప్పండి. మిగతాది తీరికగా చదువుకోవచ్చు. నేను విశాఖలో హెచ్‌ఐవీ మందులిచ్చే ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రంలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైన వైద్యుడిని. అప్పటి ఉత్తరాంధ్ర మూడు జిల్లాల నుంచి వచ్చే దంపతులను చూస్తూ ఉండేవాణ్ణి కాబట్టి మీరడిగిన ప్రశ్న నాకు కొత్త కాదు. భార్య గట్టిగా ఉండి భర్త మంచం పట్టిన ఇళ్లు చాలానే చూశాను. దీని తిరగేసిన ఇళ్లు కూడా ఉన్నాయి, కాకపోతే వాటి గురించి ఎవరూ ‘బలం’ అనే మాట వాడరు.

జన్యువుల దాకా వెళ్లేముందు ఆ రెండు అంకెలను కాస్త అనుమానించాలి. 90, 640 అనేవి ఒకే వారంలో తీసినవే, కానీ ఇద్దరి ఒంట్లో వైరస్ వయసు ఒకటే అని ఎవరు చెప్పగలరు? మందులు లేకపోతే హెచ్‌ఐవీ సోకిన నాటి నుంచి ఎయిడ్స్ దశకు చేరడానికి సగటున పదేళ్లు పడుతుంది. కొందరికి రెండు మూడేళ్లకే చేరుతుంది, కొద్దిమందికి ఇరవై ఏళ్లయినా చేరదు. పరీక్ష నాటికి అన్నయ్యకు సోకి ఎనిమిదేళ్లయి, వదినకు ఏడాదో రెండేళ్లో అయి ఉంటే ఈ తేడాలో వింతేమీ లేదు. దంపతుల మధ్య వైరస్ మొదటి నెలలోనే దాటాలని ఏమీ లేదు, ఏళ్ల తరబడి దాటకుండా ఉండి తర్వాత దాటవచ్చు. ఇక టీబీ సంగతి. హెచ్‌ఐవీ లేనివారికి కూడా ముదిరిన టీబీలో సీడీ4 పడిపోతుంది, ఉన్నవారికి చెప్పక్కర్లేదు. అంటే ఆ 90లో కొంత వాటా టీబీది. సగటున ఆడవాళ్ల సీడీ4 మగవాళ్ల కంటే కాస్త ఎక్కువగా ఉంటుంది. సోకేనాటికి వయసు ఎంత ఎక్కువైతే జబ్బు అంత వేగంగా ముదురుతుంది. ఇవన్నీ తీసేశాక ఏమైనా మిగిలితే, అప్పుడు జన్యువుల వంతు వస్తుంది.

మిగలదని నేను అనడం లేదు. మనిషికీ మనిషికీ హెచ్‌ఐవీ నడిచే వేగంలో తేడా ఉండటానికి పుట్టుకతో వచ్చిన జన్యువులు ఒక కారణమని గట్టిగా రుజువైంది. అందులో అన్నిటికంటే పెద్ద పాత్ర హెచ్‌ఎల్‌ఏ అనే జన్యు సమూహానిది. ఇవి ఆరో క్రోమోజోము మీద పక్కపక్కనే ఉంటాయి. కిడ్నీ మార్పిడికి ముందు ‘మ్యాచ్’ అయిందా లేదా అని చూసేది వీటినే. తల్లి నుంచి ఒక కట్ట, తండ్రి నుంచి ఒక కట్ట వస్తాయి.

‘ఒకే రక్తం’ అన్నారు కదా, ఆ మాట లెక్కకు నిలవదు. తోబుట్టువులిద్దరికి ఈ రెండు కట్టలూ సరిగ్గా ఒకటే ఉండే అవకాశం నాలుగింట ఒకటి. అందుకే కిడ్నీ ఇస్తామని ముందుకొచ్చిన అన్నదమ్ములకు కూడా చాలాసార్లు పూర్తిగా కలవదు. మేనత్త, మేనమామల పిల్లల మధ్య అయితే రెండు కాదు, ఒక్క కట్ట కలవడానికే నాలుగింట ఒక వంతు అవకాశం. అంటే మీ అన్నావదినలకు తాతామామ్మల నుంచి వచ్చిన హెచ్‌ఎల్‌ఏలో ఉమ్మడిదేమీ లేకపోయే అవకాశమే ఎక్కువ, నాలుగింట మూడు వంతులు. ఇంటిపేర్లు, పోలికలు, ముక్కు తీరు ఎంత కలిసినా ఈ విషయంలో వాళ్లు ఇరుగుపొరుగు వాళ్ల లాంటివారే కావచ్చు.

ఈ హెచ్‌ఎల్‌ఏ చేసే పని ఏమిటంటే, కణం లోపల తయారయ్యే ప్రోటీన్ల తునకలను బయటికి తెచ్చి కణం పైపొర మీద చూపించడం. బియ్యం కొట్టు ముందు పళ్లెంలో నమూనా గింజలు పోసి పెడతారు చూడండి, అలాగన్నమాట. రోగనిరోధక శక్తిలో భాగమైన టీ కణాలు ఆ పళ్లేలను చూసుకుంటూ తిరుగుతాయి. పళ్లెంలో వైరస్ తునక కనబడితే ఆ కణాన్ని చంపేస్తాయి. హెచ్‌ఎల్‌ఏలో వేలాది రకాలు ఉన్నాయి. ఏ రకం ఏ తునకను పట్టుకుని చూపిస్తుందన్నది, తునకను ఇరికించుకునే దాని గాడి ఆకారాన్ని బట్టి ఉంటుంది. అసలు కథంతా ఆ గాడిలోనే ఉంది.

హెచ్‌ఐవీ తన రూపు మార్చుకోవడంలో మహా దిట్ట. టీ కణాలు ఒక తునకను గుర్తుపడితే, ఆ తునకలో ఒక అక్షరం మార్చుకుని తప్పించుకుంటుంది. అయితే తన ఒంట్లో ప్రతి చోటునూ అది ఇష్టం వచ్చినట్టు మార్చుకోలేదు. జన్యు పదార్థాన్ని దాచుకునే లోపలి గూడును కట్టే ప్రోటీనులో కొన్ని చోట్ల ఒక్క మార్పు జరిగినా గూడు సరిగా కుదరదు, వైరస్ పెరుగుదల మందగిస్తుంది. హెచ్‌ఎల్‌ఏ బీ57, బీ27 అనే రకాలు సరిగ్గా అలాంటి చోటి తునకలనే పట్టి చూపిస్తాయి. వైరస్ మారకపోతే టీ కణాలకు దొరికిపోతుంది. మారితే దొరకదు గానీ నీరసపడుతుంది. ఎటు తిరిగినా నష్టమే. మందులు లేకుండానే వైరస్‌ను అదుపులో ఉంచుకోగలిగే అరుదైన వ్యక్తుల్లో ఈ రెండు రకాలు మామూలు కంటే ఎక్కువగా కనబడటానికి కారణం ఇదే. వాళ్లను శాస్త్రవేత్తలు ‘ఎలైట్ కంట్రోలర్లు’ అంటారు. హెచ్‌ఐవీ సోకినవారిలో వాళ్లు నూటికి ఒక్కరు కూడా ఉండరు. 2010లో మందులు లేకుండా వైరస్‌ను పూర్తిగానో చాలావరకో అదుపులో ఉంచుకున్న దాదాపు వెయ్యి మంది జన్యువులను, జబ్బు ముదిరిన 2,600 మందికి పైగా జన్యువులతో పోల్చి చూసినప్పుడు, తేడా అంతా చివరికి హెచ్‌ఎల్‌ఏ గాడిలోని కొన్ని అమైనో ఆమ్లాల (ప్రోటీన్లను కట్టే ఇటుకల) దగ్గర తేలింది. మొత్తం జన్యు పటమంతా వెతికి, ఒక గాడిలోని నాలుగైదు స్థానాలకు చేరడం! నా మటుకు నాకు హెచ్‌ఐవీ పరిశోధనలో ఇంత తృప్తినిచ్చిన ఫలితం మరొకటి లేదు.

దీనికి వ్యతిరేకంగా పనిచేసేవీ ఉన్నాయి. బీ35లో కొన్ని ఉపరకాలు ఉన్నవారికి జబ్బు త్వరగా ముదురుతుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే రకం హెచ్‌ఎల్‌ఏ వచ్చినవారికి కూడా అంతే. వాళ్లు చూపించగల తునకల రకాలు తగ్గిపోతాయి, వైరస్ తప్పించుకోవడం తేలిక అవుతుంది. 

మీ అన్నావదినల విషయంలో మరో మెలిక ఉంది. వైరస్ మీ అన్నయ్య ఒంట్లో ఏళ్లపాటు ఉండి ఉంటే, అది ఆయన హెచ్‌ఎల్‌ఏకు తగ్గట్టు మారిపోయి ఉంటుంది. ఆ మారిన వైరసే వదినకు చేరింది. ఆయన హెచ్‌ఎల్‌ఏ రకం, వైరస్‌ను నీరసపరిచే మార్పులు దానితో చేయించి ఉంటే, ఆమెకు మొదటి నుంచే నీరసమైన వైరస్ అంది ఉండవచ్చు. తమకు బీ57 లేకపోయినా సరే, బీ57 ఉన్నవారి నుంచి సోకినవారికి మొదట్లో వైరస్ సంఖ్య తక్కువగా ఉండటం ఆఫ్రికాలో చూశారు. ఇద్దరికీ ఒకే రకం ఉంటే మాత్రం కథ అడ్డం తిరుగుతుంది. ఆమె రక్షణను ఎలా తప్పించుకోవాలో వైరస్ ముందే నేర్చుకుని వస్తుంది. జాంబియాలో దంపతుల మీద చేసిన ఒక అధ్యయనంలో భార్యాభర్తలకు హెచ్‌ఎల్‌ఏ బీ రకం కలిసిన చోట వైరస్ ఒకరి నుంచి మరొకరికి దాటడం ఎక్కువగా కనబడింది. కాబట్టి ‘వదిన బలం’ అని మీరంటున్నదానిలో కొంత నిజానికి మీ అన్నయ్య ఒంట్లో జరిగిన యుద్ధం ఫలితం అయినా కావచ్చు. ఆమెను ఒక్కదాన్నే పరీక్షించి చెప్పే ఏ రిపోర్టూ దీన్ని పట్టుకోలేదు.

ఇంతకీ జన్యువుల వాటా మొత్తం ఎంత? 2007లో 486 మంది మీద చేసిన అధ్యయనం, మందులు మొదలుపెట్టకముందు నిలకడగా ఉండే వైరల్ లోడ్‌లో (రక్తంలో వైరస్ ఎంత ఉందన్న లెక్కలో) మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో సుమారు 15 శాతాన్ని జన్యువులతో వివరించింది. 2015లో ఆరు వేల మందికి పైగా తీసుకుని చూస్తే అది 25 శాతం దాకా వచ్చింది. మిగిలిన మూడు వంతుల్లో వైరస్ స్వభావం, వయసు, ఇతర జబ్బులు, పోషణ, కాకతాళీయం అన్నీ కలిసి ఉన్నాయి. ఇవి కూడా ఐరోపా సంతతివారి అంకెలు. 2023లో ఆఫ్రికా సంతతివారిని విడిగా చూసినప్పుడు, ఐరోపావారి అధ్యయనాల్లో ఎన్నడూ బయటపడని చోట, సీహెచ్‌డీ1ఎల్ అనే జన్యువు దగ్గర, తేడా కనబడింది. ఒక జాతిలో వచ్చిన అంకెను ఇంకో జాతికి తగిలించకూడదని ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పాలి? పైగా మన దేశంలో తిరిగేది ఎక్కువగా సీ ఉపరకం వైరస్, ఐరోపా, అమెరికాల్లో ప్రధానంగా బీ ఉపరకం.

ఇప్పుడు ల్యాబ్ వాళ్ల ప్యాకేజీ సంగతి. అందులో మొదటి పేరు సీసీఆర్5 డెల్టా 32 అయి ఉంటుందని నా ఊహ, ఎందుకంటే అందరూ విన్న పేరు అదే. హెచ్‌ఐవీ కణంలోకి చేరడానికి ఆ రక్షణ కణాల మీద ఉండే సీడీ4 అనే ప్రోటీనుతో పాటు సాధారణంగా సీసీఆర్5 అనే మరో ప్రోటీను కూడా కావాలని 1996లో తేలింది. అదే ఏడాది, ఆ జన్యువులో 32 అక్షరాలు రాలిపోయిన రూపం తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చినవారికి హెచ్‌ఐవీ సోకడం చాలా అరుదని తెలిసింది. ఒకరి నుంచే వచ్చినవారికి సోకుతుంది గానీ జబ్బు నెమ్మదిగా నడుస్తుంది, సుమారు రెండేళ్లు ఆలస్యం. బెర్లిన్ రోగిగా పేరుపడ్డ తిమోతీ రే బ్రౌన్ రక్త క్యాన్సర్ కోసం ఇలాంటి దాత మూల కణాలు ఎక్కించుకుని హెచ్‌ఐవీ నుంచి కూడా బయటపడ్డారు. 2018లో చైనాలో ఒక శాస్త్రవేత్త పిండాల్లో ఈ జన్యువును కత్తిరించి జైలుకు వెళ్లాడు. ఇలా వార్తల్లో నలిగిన జన్యువు కాబట్టి అమ్ముకోవడం తేలిక. కానీ ఉత్తర ఐరోపాలో నూటికి పది మందికి పైగా కనీసం ఒక ప్రతి ఉండే ఈ రూపం దక్షిణ భారతీయుల్లో దాదాపు లేదు. మన ఊళ్లో దీనికి డబ్బు కట్టడం అంటే డబ్బు పారేసుకోవడమే. జాబితాలో సీసీఎల్3ఎల్1 అనే జన్యువు ప్రతుల లెక్క అని ఉంటే ఇంకా జాగ్రత్త. 2005లో అది పెద్ద వార్త, తర్వాతి అధ్యయనాల్లో నిలబడలేదు.

సరే, అంతా పక్కన పెట్టి, వదినకు నిజంగానే బీ57 ఉందనుకుందాం. దానితో మీకు కొత్తగా తెలిసేది ఏమిటి? జన్యువు చేసే మంచి అయినా చెడు అయినా వైరల్ లోడ్‌లో కనబడుతుంది, ఆ తర్వాత సీడీ4లో కనబడుతుంది. మంచి జన్యువు ఉండి వైరస్ పెరిగిపోతున్నవారు ఉన్నారు, పేరున్న ఏ రకమూ లేకుండా నిలదొక్కుకున్నవారూ ఉన్నారు. వైద్యుడికి కావలసింది ఫలితం, ఆ ఫలితాన్ని ఏఆర్‌టీ కేంద్రంలో ఉచితంగానే కొలుస్తున్నారు. జన్యు పరీక్ష మహా అయితే వచ్చే అవకాశాన్ని చెబుతుంది, వైరల్ లోడ్ జరిగినదాన్ని చెబుతుంది. రెండోది చేతిలో ఉండగా మొదటిదాని కోసం పరుగెత్తడం ఎందుకు? ఇంకో మాట. ఇప్పుడు ఆవిడ మాత్రలు వాడుతున్నారు కాబట్టి రిపోర్టులో వైరస్ కనబడలేదని వస్తే, అది మాత్రల పనే. దాన్ని జన్యువుల ఖాతాలో వేసుకోవడం మందులకు అన్యాయం.

మానేయడం గురించి మన దగ్గర ఊహలు కాదు, పక్కా రుజువులు ఉన్నాయి. 2006లో వెలువడిన స్మార్ట్ అనే అధ్యయనంలో 5,472 మంది పాల్గొన్నారు. అందరికీ మొదట్లో సీడీ4 350 పైనే ఉంది. ఒక గుంపు మందులు ఆపకుండా వాడింది. మరో గుంపు సీడీ4 బాగున్నంతకాలం ఆపి, 250 కంటే తగ్గినప్పుడు మళ్లీ మొదలుపెట్టింది. అంటే మీ వదిన అనుకుంటున్న పద్ధతే. ఆ రెండో గుంపులో అవకాశవాద జబ్బు (రోగనిరోధక శక్తి తగ్గిన అదను చూసి వచ్చేది) గానీ మరణం గానీ సంభవించే ముప్పు 2.6 రెట్లు ఎక్కువైంది. గుండె, కిడ్నీ, కాలేయ సమస్యలు కూడా పెరిగాయి. అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. 2015లో స్టార్ట్ అనే మరో అధ్యయనం, సీడీ4 500 దాటి ఉన్న 4,685 మందిని తీసుకుంది. వెంటనే మందులు మొదలుపెట్టినవారిలో తీవ్రమైన జబ్బు లేదా మరణం 57 శాతం తక్కువ. 640 ఉన్న మనిషికి సరిగ్గా వర్తించే అధ్యయనం ఇది. 2017 నుంచి మన దేశంలో సీడీ4 ఎంతున్నా పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ మందులు ఇస్తున్నది ఇందుకే. ఎలైట్ కంట్రోలర్లలో కూడా లోలోపల రోగనిరోధక వ్యవస్థ రేగి ఉండటం (ఇన్‌ఫ్లమేషన్) కొనసాగుతుంది, రక్తనాళాల మీద దాని ప్రభావం ఉంటుంది. వైరస్ కనబడనంత మాత్రాన ఒళ్లు ప్రశాంతంగా ఉన్నట్టు కాదు.

ఆమె హెపటైటిస్ బీ పరీక్ష ఫలితం మీరు రాయలేదు. ఇది చాలామంది మరిచిపోయే విషయం. ఇప్పుడిచ్చే మాత్రలో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసి ఉంటాయి. మొదటి రెండు హెపటైటిస్ బీని కూడా అణచి ఉంచుతాయి. ఆ వైరస్ ఉన్న మనిషి మాత్ర హఠాత్తుగా మానేస్తే కాలేయం ఒక్కసారిగా దెబ్బతినవచ్చు.

ఇంతసేపూ పరీక్షలు వద్దన్నాను గానీ, హెచ్‌ఐవీ వైద్యంలో నిజంగా పనికొచ్చే జన్యు పరీక్ష ఒకటుంది. విడ్డూరం ఏమిటంటే అది కూడా బీ57 కుటుంబానిదే. బీ57లోని 01 ఉపరకం ఉన్నవారు అబకావిర్ అనే మందు వాడితే కొందరికి జ్వరం, దద్దుర్లు, ఆయాసంతో ప్రాణం మీదికి తెచ్చే ప్రతిచర్య వస్తుంది. ముందుగా పరీక్ష చేసి ఆ రకం ఉన్నవారికి మందు ఇవ్వకపోతే, పరీక్షలతో నిర్ధారించిన ఇలాంటి ప్రతిచర్య ఒక్కటి కూడా రాలేదని 2008లో తేలింది. వైరస్‌ను కట్టడి చేసే రకమే ఒక మందుకు శత్రువు. బీ27 కూడా అంతే, వెన్నెముకను బిగపట్టేసే కీళ్లవాతానికి దానికి దగ్గరి సంబంధం ఉంది. కాబట్టి ‘బలం’ అనే మాటను కొంచెం ఆచి తూచి వాడాలి. మీ వదిన వాడే మాత్రలో అబకావిర్ లేదు గనుక ఇప్పుడు ఆ పరీక్ష అవసరం లేదు. పాత రోజుల్లో ఎఫావిరెంజ్ అనే హెచ్‌ఐవీ మందు ఇచ్చేటప్పుడు రాత్రంతా పిచ్చి కలలు, తెల్లారితే తల తిరుగుడు అని మా దగ్గరికి వచ్చేవారు. ఆ మందును కాలేయంలో నెమ్మదిగా కరిగించే సీవైపీ2బీ6 అనే జన్యువు రూపం దక్షిణ భారతదేశంలో మామూలే. ఆ గోల డోలుటెగ్రావిర్ వచ్చాక చాలావరకు తీరింది.

మీ అన్నయ్య గురించి ఒక్క మాట. టీబీకి రిఫాంపిసిన్ వాడినన్నాళ్లూ డోలుటెగ్రావిర్ రెండో పూట కూడా అదనంగా వేసుకోవాలి, ఎందుకంటే రిఫాంపిసిన్ దాన్ని త్వరగా కరిగించేస్తుంది. ఆయనకు అలా ఇచ్చారో లేదో పాత చీటీలు చూడండి. ఆయన సీడీ4 నెమ్మదిగా పెరుగుతోందని జన్యువులను నిందించకండి. 90 నుంచి మొదలైన మనిషికి 350 దాటడానికి కొన్నేళ్లు పట్టడం సహజమే.

ఇక పిల్లలు. వారి హెచ్‌ఐవీ ఫలితం మీరు రాయలేదు, కాబట్టి ఇంకా చేయించకపోతే ముందు ఆ పరీక్ష చేయించండి, ఎంత పెద్దవాళ్లయినా సరే. వదిన హెచ్‌ఎల్‌ఏ కట్టల్లో ఒకటి ప్రతి బిడ్డకూ వస్తుంది, కాబట్టి ఆమె దగ్గర మంచి రకం ఒక ప్రతి ఉంటే ఏ బిడ్డకైనా అది చేరే అవకాశం సగానికి సగం. నెగెటివ్ అని తేలితే అది ఉన్నా లేకపోయినా ఒకటే. పుట్టినప్పుడే తల్లి నుంచి వైరస్ సోకిన పిల్లల్లో అయితే ఈ వారసత్వం వింతగా పనిచేస్తుంది. తల్లికి బీ27 ఉండి, వైరస్ దాన్ని ఇప్పటికే తప్పించుకుని ఉంటే, బిడ్డకు బీ27 వచ్చినా ప్రయోజనం ఉండదని 2001లో గమనించారు. మేనరికం వల్ల మీ అన్న పిల్లల్లో ఒక్కొక్కరికి పదహారింట ఒక వంతు అవకాశంతో, ఇద్దరు తల్లిదండ్రుల నుంచీ ఒకే పూర్వీకుడి హెచ్‌ఎల్‌ఏ కట్ట వచ్చి ఉండవచ్చు. మేనమామను పెళ్లాడిన చోట అది ఎనిమిదింట ఒకటి. ఇది తెలుసుకోవడానికే తప్ప, దీని కోసం పిల్లలకు ఏ జన్యు పరీక్షా చేయించాల్సిన పని లేదు.

ఆ ల్యాబ్‌కు వదిన హెచ్‌ఐవీ సంగతి ఎలా తెలిసిందో కూడా కనుక్కోండి. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఆమె అనుమతి లేకుండా ఆ విషయం ఎవరూ బయటపెట్టకూడదు, పరీక్షకు కూడా ఆమె సమ్మతి ఉండాలి.

వచ్చేసారి ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్లినప్పుడు మూడు విషయాలు రాసి తెచ్చుకోండి: ఇద్దరి హెపటైటిస్ బీ ఫలితం, చివరిసారి చేసిన వైరల్ లోడ్, వదిన మాత్రలు మొదలుపెట్టిన తేదీ. మధ్యలో ఆమె ఎన్ని రోజులు మానేశారో కూడా దాచకుండా చెప్పమనండి. అక్కడి కౌన్సెలర్ కోప్పడరు. ఆ వివరాలు నాకు మళ్లీ రాస్తే చూసి చెబుతాను. కాగితాల ఫొటోలు పెడితే మాత్రం పేరు, ఏఆర్‌టీ నంబరు చెరిపేసి పెట్టండి.